పై చేయి, కింది చేయి, ఒక పిప్పరమెంటు చాక్లెట్

డిసెంబరు రెండో వారం దాటిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల క్రైస్తవ ఇళ్లలో మూకుడు పొయ్యి దిగదు. సకినాలు, గరిజెలు, అరిసెలు, మురుకులు డబ్బాలకెక్కుతాయి. గుమ్మానికి నక్షత్రం వేలాడుతుంది. రాత్రిళ్లు క్యారల్స్ పాడుతూ వచ్చిన పిల్లలను ఉత్త చేతులతో పంపకూడదు. పండుగనాడు చుట్టుపక్కల ఇళ్లకు పళ్లేలు వెళ్లాలి. ఈ పిండివంటల పక్కన ఇంట్లో చేసిన పిప్పరమెంటు చాక్లెట్ కూడా చేరితే పిల్లల సంబరానికి హద్దుండదు.

దీనికి పాకం లేతా ముదురూ తెలియనక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు. బేకరీ సామాను అమ్మే దుకాణాల్లో డార్క్ కాంపౌండ్, వైట్ కాంపౌండ్ పలకలు దొరుకుతాయి. ఒక గిన్నెలో నీళ్లు మరగబెట్టి మంట తగ్గించాలి. అడుగు నీళ్లకు తగలకుండా దాని మీద ఇంకో గిన్నె పెట్టి, తరిగిన డార్క్ కాంపౌండ్ వేసి ఆవిరి వేడికే కరగనివ్వాలి. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ బిగుసుకుపోయి ముద్దకడుతుంది కాబట్టి గరిటె కూడా పొడిగా ఉండాలి. అందుకే నీళ్లతో చేసిన పిప్పరమెంటు ఎసెన్సు కన్నా నూనెలో కలిసేది మేలు. గాఢమైన పిప్పరమెంటు నూనె అయితే చుక్కల లెక్కన వేసుకోవాలి, అదీ తినడానికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే. వెన్న కాగితం పరిచిన పళ్లెంలో పల్చగా పోసి, అది గట్టిపడీ పడకముందే పైన కరిగించిన వైట్ కాంపౌండ్ పోయాలి. మొదటి పొర పూర్తిగా బిగిశాక పోస్తే విరిచేటప్పుడు రెండూ విడిపోతాయి. పొడి చేసిన పిప్పరమెంటు బిళ్లలు పైన చల్లితే పని అయిపోయినట్టే. డిసెంబరు చలికి ఫ్రిజ్ సాయం కూడా పెద్దగా అక్కర్లేదు. చేత్తో ముక్కలు విరిచి రంగు కాగితంలో చుట్టుకోవచ్చు. పసిపిల్లలకు మాత్రం ఈ ఘాటు పెట్టకూడదు.

అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే కరుగుతుంది. దాన్ని నిగనిగలాడేలా బిగించాలంటే వేడినీ చల్లదనాన్నీ లెక్కగా పెట్టాలి. కాంపౌండ్‌లో కోకో వెన్న బదులు వేరే వంటనూనె కొవ్వులు ఉంటాయి గనుక ఆ తంటా లేదు. ఇక పిప్పరమెంటు సంగతి. నోట్లో వేసుకుంటే చల్లగా ఉంటుంది గాని నిజానికి నోరు ఒక్క డిగ్రీ కూడా చల్లబడదు. అందులోని మెంథాల్, చలిని పసిగట్టే నాడుల ద్వారాన్ని తట్టి లేపుతుంది. ఆ ద్వారాన్ని 2002లో వేర్వేరుగా కనిపెట్టిన బృందాలకు నాయకులైన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు స్పర్శ, ఉష్ణోగ్రతల మీద చేసిన పరిశోధనలకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

చాక్లెట్ ఇంతే. చుట్టిన పొట్లం ఇల్లు దాటి బయటికి వెళ్లేటప్పుడే ఎన్నో శతాబ్దాలుగా మతాలు తలపట్టుకున్న ప్రశ్న ఎదురవుతుంది. ఒకరి చేతి వంట ఇంకొకరు తినడమంటే ఏమిటి? ఇచ్చేవాళ్లు గొప్పా, తీసుకునేవాళ్లు గొప్పా?

ఈ ప్రశ్నకు జనగామ జిల్లా పెద్ద చిరునామా. పోతన ఇంటిపేరున్న బమ్మెర ఇక్కడే ఉంది, పాలకుర్తి మండలంలో. పోతన భాగవతంలో ఇవ్వడం గురించి రెండు ఘట్టాలను తెలుగువాళ్లు మరిచిపోలేదు. మొదటిది బలి చక్రవర్తిది. దానం అడుగుతూ వామనుడిగా వచ్చినవాడు విష్ణువు, ఇవ్వొద్దని శుక్రాచార్యుడు ఎంత చెప్పినా బలి వినడు. లక్ష్మీదేవిని తాకిన చేయి కిందుంటే తన చేయి పైనుండటం కన్నా ఏం కావాలని పొంగిపోతాడు. దానగుణానికి పరాకాష్ఠగా ఆ మాటను పెద్దలు చెబుతారు, నిజమే. అయితే ఆ ఆనందంలో పై చేయి అనే భావన స్పష్టంగానే ఉంది. భాగవతం కూడా దాన్ని అక్కడితో వదిలెయ్యదు. తాను ఎవరిని అనుగ్రహిస్తాడో వారి సంపదను తీసేసుకుంటానని, సంపద మదాన్ని పెంచుతుందని వామనుడి నోటనే పలికిస్తుంది.

రెండోది కుచేలుడిది. అతని భార్య అటుకులు కొంగున ముడివేసి పంపిస్తుంది. ఆ పిడికెళ్లు కూడా ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి తెచ్చినవేనని సంస్కృత భాగవతం చెబుతుంది. ద్వారక వైభవం చూశాక ఆ మూట విప్పడానికి కుచేలుడికి సిగ్గు. అతను తల వంచుకుని కూర్చుంటే కృష్ణుడే నాకేం తెచ్చావని అడుగుతాడు, మూట లాక్కుంటాడు, ఒక పిడికెడు నోట్లో వేసుకుంటాడు. రెండో పిడికెడుకు రుక్మిణి చెయ్యి పట్టుకుంటుంది. ఇక్కడ సర్వం ఉన్నవాడు అడిగి తీసుకున్నాడు, ఏమీ లేనివాడు పెట్టాడు. తరువాత కుచేలుడికి దక్కిన సిరి గురించే జనం ఎక్కువగా చెప్పుకుంటారు. కథకు ప్రాణం మాత్రం ఆ అడిగి తినడంలో ఉంది.

పాలకుర్తి పేరుతోనే సోమనాథుడు ఉన్నాడు. ఆయన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఇంకా సూటిగా తగులుతుంది. కరికాల చోళుడు రాజభోగాలతో నైవేద్యం పెడితే శివుడు ముట్టడు. కారణం, అప్పటికే చెన్నయ్య ఇంట్లో అంబలి తాగి ఉన్నాడు. అంటరానివాడని ఊరు దూరం పెట్టినవాడి గుడిసెలో, అతని చేత్తో కాచిన అంబలి! వీరశైవం ఆనాడు కులం మీద విసిరిన సవాలు శాస్త్రచర్చ రూపంలో రాలేదు, ఎవరి వంట ఎవరు తిన్నారన్న కథగా వచ్చింది. అదే సరైన చోటు. ఎందుకంటే ఈ నేల మీద కులం ఎక్కువగా బతికింది వంటింట్లోనే.

ఇంటికి వచ్చిన బ్రాహ్మణుడికి వండిన అన్నం బదులు బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇచ్చే పద్ధతి ఆ లెక్కలోంచే పుట్టింది. పచ్చి సరుకుకు మైల అంటదు, నీళ్లు పోసి వండితే అంటుతుంది. నేతిలో వేయించినదానికి కొంత సడలింపు. పండ్లకు ఏ చిక్కూ లేదు. ఈ మూడు జిల్లాల్లో క్రైస్తవులైన కుటుంబాల్లో ఎక్కువ భాగం మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవే. కనుక క్రిస్మస్ పళ్లెం పక్క వాడకు వెళ్లినప్పుడు అందులో ఏముందన్నది చిన్న విషయం కాదు. సీలు వేసిన బేకరీ కేకు, కంపెనీ చాక్లెట్ డబ్బా, యాపిల్ పండ్లు అందరిళ్లలోనూ తేలిగ్గా లోపలికి పోతాయి. ఇంట్లో చేసిన గరిజెలను కొన్నిచోట్ల నవ్వుతూ అందుకున్నా, అవి తరువాత పనిమనిషికో పశువుకో చేరేవి. పంపినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసే, మాట పడకుండా ఉండటానికి, బజారు డబ్బా కొంటారు.

ఇంట్లో చేసిన చాక్లెట్ సరిగ్గా ఈ గీత మీద నిలబడుతుంది. చూడటానికి దుకాణం సరుకులా ఉంటుంది, రంగు కాగితం కూడా ఉంటుంది. కాని విరిచింది ఒక ఇంటి చేతులు. "వదినా, మా పిల్లలు చేసిండ్రు, తిని చూడు" అని చెప్పి ఇచ్చినప్పుడు ఆ వదిన చెయ్యి చాచి నోట్లో వేసుకుంటుందా, తరువాత తింటానని పక్కన పెడుతుందా? ఆ రెండింటి మధ్య దూరం ఎన్నో ప్రసంగాలు దాటలేనిది.

మహబూబాబాద్ జిల్లాలో కాజీపేట, విజయవాడ రైలు మార్గం మీద డోర్నకల్ జంక్షన్ ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తిరునల్వేలి నుంచి ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్యే మిగతా జీవితమంతా గడిపాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910 జూన్‌లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం ఇవ్వడం, తీసుకోవడాల గురించి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన గొప్ప మాటల్లో ఒకటి. మిషనరీలు పేదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలు సైతం ధారపోశారు, అందుకు భారతీయ క్రైస్తవులు తరతరాలు కృతజ్ఞులుగా ఉంటారని చెప్పి, తమకు కావలసింది స్నేహమని, స్నేహితులను ఇమ్మని అడిగాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన భారతీయుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టని దొరల ముందే అన్నాడు ఆ మాట. అప్పటికి ఆయన వయసు 35.

ఆ సభలో చాలామందికి అది మింగుడు పడలేదు. ఆసుపత్రులు కట్టించాం, బడులు పెట్టాం, ఇంకేం లోటు చేశామని వాళ్ల బాధ. అజరయ్య చూపించిన లోటు ఏమిటంటే వాళ్లు ఎన్నడూ తీసుకునే స్థానంలో కూర్చోలేదు. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటే కింది చేయికి స్నేహం అందదు, కృతజ్ఞత చెప్పుకునే పనే మిగులుతుంది.

ఆయన డోర్నకల్‌లో చేసింది ఆ మాటకు తగ్గట్టే ఉంది. మాల, మాదిగ కుటుంబాలు కూడా ఒకరింట ఒకరు తినని రోజుల్లో ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె, ఒకే గిన్నె. తరువాతి కాలంలో ఇతర కులాలవాళ్లు సంఘంలో చేరినప్పుడూ ఆ గిన్నె మారలేదు. క్రైస్తవులు ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. బీద సంఘం కూడా ఇచ్చే సంఘం కావాలని ఆయన పట్టుదల. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి దేవుడి కుండలో వేసే అలవాటు తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఉంది. ఆ పిడికెడు బియ్యం చిన్నదేమీ కాదు. నిన్నటిదాకా ఎవరో పెడితే తిన్న ఇల్లు తానూ పెట్టగలనని అనుకోవడానికి అది దారి. డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి గుమ్మటాలు మసీదులను, స్తంభాలు దేవాలయాలను తలపిస్తాయి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. అది ఎపిఫనీ పండుగ రోజు, గుడి పేరూ అదే. తూర్పు దేశపు జ్ఞానులు, అంటే యూదులు కాని పరాయివాళ్లు, బాల యేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి పెట్టిన ఘట్టాన్ని ఆ రోజు స్మరిస్తారు. మత్తయి సువార్త చెప్పిన తొలి క్రిస్మస్ కానుకలు పరాయి మతంవాళ్ల చేతుల మీదుగా వచ్చినవి. పవిత్ర కుటుంబం వాటిని తీసుకుంది.

ఇక్కడ క్రైస్తవుల వైపు ప్రశ్న మొదలవుతుంది. తమ కేకు అందరూ తినాలని కోరుకునే ఇల్లు, పక్కింటి నుంచి వచ్చిన ప్రసాదాన్ని ఏం చేస్తుంది? మేడారం 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. అక్కడ రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో భక్తులు నిలువెత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. దాన్ని బంగారం అంటారు. తిరిగి వచ్చాక వాడంతా పంచుతారు. కాకతీయ ఖని గనుల కోసం నలుమూలల నుంచి వచ్చి సింగరేణి క్వార్టర్లలో గోడకు గోడగా బతుకుతున్న భూపాలపల్లి కుటుంబాల్లో ఆ బెల్లం ముక్క క్రైస్తవ ఇంటి గుమ్మానికీ వస్తుంది. కొందరు కళ్లకద్దుకోకుండా తింటారు, కొందరు పిల్లల నోటి దాకా పోనివ్వరు.

ఈ పేచీ కొత్తది కాదు. కొరింథు పట్టణంలో విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అని క్రైస్తవులు అడిగితే పౌలు మొదటి కొరింథీ పత్రికలో మూడు అధ్యాయాల్లో జవాబు వెతికాడు. విగ్రహంలో ఏమీ లేదు, తినకపోతే నష్టమూ లేదు, తింటే లాభమూ లేదంటాడు. గుడి పంక్తిలో కూర్చుని పూజలో పాలు పంచుకోవడం వేరంటాడు. ఇంటికి పిలిచి పెట్టినది ఆరా తీయకుండా తినమంటాడు. ఇది విగ్రహార్పితమని ఎవరైనా చెబితే మాత్రం చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమంటాడు. ఈ చివరి మాటను పట్టుకుని ప్రసాదం తిననివాళ్ల నిష్ఠను తక్కువ చేయకూడదు. అది వారి నమ్మకం, దాని కోసం వాళ్లు మాటలు పడ్డారు. కాని పౌలు తూకంలో బరువంతా అవతలి మనిషి మీదే ఉంది. పొరుగింటి ఆడబిడ్డ తెచ్చిన బెల్లాన్ని ముఖం మీద తిప్పికొట్టడానికి ఆ పత్రిక ఆసరా ఇవ్వదు. తినలేకపోతే మర్యాదగా, ఆమె మనసు నొవ్వకుండా చెప్పవచ్చు. పూజలో పెట్టని బతుకమ్మ సద్దులు, సంక్రాంతి సకినాలు, రంజాన్ సేమియా కీర్ విషయంలో ఆ అడ్డంకీ లేదు.

యోహాను సువార్తలో యేసు సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది నీళ్లు అడుగుతూ. యూదులు సమరయుల గిన్నె ముట్టని కాలం అది. ఆమే ఆశ్చర్యపోయి, నువ్వు నన్నెలా అడుగుతావని ఎదురడిగింది. జీవజలం ఇస్తానన్న మాట ఆ తరువాత వచ్చింది. కృష్ణుడు అటుకులు అడిగాడు, శివుడు అంబలి తాగాడు, యేసు బావి దగ్గర దాహమన్నాడు. మూడు చోట్లా పెద్దవాడు తీసుకునే వైపు నిలబడ్డాడు. దేవుడి గొప్పదనాన్ని ఇలా చెప్పాలని మూడు సంప్రదాయాలకు తోచడం గమనించాల్సిన సంగతి.

ప్రతిఫలం కోరకుండా ఇవ్వడమే ఉత్తమమని శాస్త్రాలన్నీ చెబుతుంటే, పళ్లెం పంపి పళ్లెం రావాలని కోరుకోవడం వ్యాపారం కాదా అని అడగవచ్చు. గీత పదిహేడో అధ్యాయం తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చే దానాన్నే సాత్వికమంటుంది. కొండమీది ప్రసంగం కుడి చేయి ఇచ్చేది ఎడమ చేయికి తెలియొద్దంటుంది. తిరిగి విందుకు పిలవగలవాళ్లను పిలవొద్దని లూకా సువార్తలో ఉంది. ఇవన్నీ ఆకలి తీర్చే దానానికి చెప్పిన మాటలు, అక్కడ అవి అక్షరాలా నిజం. ప్రభుత్వం పేద క్రైస్తవ కుటుంబాలకు పండుగ బట్టలు పంచినప్పుడు కూడా కావలసింది గుట్టూ గౌరవమే. ఇరుగుపొరుగు మధ్య తీపి పంచుకోవడం వేరు. ముహమ్మద్ ప్రవక్త సదకా, అంటే దానం, తనకోసం తీసుకునేవారు కాదు, కానుక మాత్రం స్వీకరించేవారని హదీసులు చెబుతాయి. పొరుగింటామె పంపింది గొర్రె కాలి గిట్టే అయినా చిన్నచూపు చూడొద్దని స్త్రీలకు ఆయన చెప్పినట్టు బుఖారీ సంకలనంలో ఉంది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద రాసిన వ్యాసంలో మూడు బాధ్యతలు చూపించాడు: ఇవ్వడం, తీసుకోవడం, తిరిగి ఇవ్వడం. మధ్యదాన్ని కాదంటే సంబంధాన్నే కాదన్నట్టని అతని వాదం.

అంబేడ్కర్ వాదన ఇంకా బరువైనది. 1936 నాటి కుల నిర్మూలన ప్రసంగపాఠంలో ఆయన సహపంక్తి భోజనాలతో కులం చావదని, కలిసి తినే కులాల మధ్య కూడా కులం బతికే ఉందని, కులాంతర వివాహమే అసలు మందని తేల్చాడు. దీనికి జవాబు లేదు. చాక్లెట్ ముక్క తిన్నంత మాత్రాన పెళ్లి సంబంధం దగ్గర గోడ కూలదు. అయినా తినడానికే వెనకాడే చోట మిగతా మాటలకు చోటెక్కడ? ఆ ముక్క రోగం నయం చేయదు గాని, రోగం ఎక్కడుందో దాచకుండా చూపిస్తుంది. ఈ తూకం క్రైస్తవ ఇళ్లకూ వర్తిస్తుంది. ఒకే గిన్నెలో ప్రభు భోజనం తీసుకుని, బయటికొచ్చాక మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి సంఘం అని విడిపోయే చోట అజరయ్య శ్రమ సగంలోనే ఆగినట్టు.

కనుక ఈ క్రిస్మస్‌కు చాక్లెట్ చేసేవాళ్లు డబ్బా మీద అంగడి పేరున్న కాగితం చుట్టకండి, మీ ఇంట్లో చేసిందని చెప్పి ఇవ్వండి. ఇదివరకు మీ గుమ్మం నుంచి పళ్లెం వెళ్లని ఇల్లు ఒకటి మీ వాడలోనే ఉంటుంది, మొదట అక్కడికి పంపండి. వాళ్ల పండుగకు పళ్లెం వస్తే కూర్చుని తినండి. ఇక పళ్లెం అందుకునే ఇంటివాళ్లకు ఒక్క మనవి: తెచ్చిన పిల్ల గుమ్మంలో నిలబడి ఉండగానే ఒక ముక్క నోట్లో వేసుకుని, ఎలా చేశారో అడగండి.